తెల్ల పళ్ళెంలో ఎర్రమన్ను

మోరిస్‌విల్‌లో మా ఇంటి ఫ్రిజ్ తలుపు మీద చిన్న దీపం ఒకటుంది. నీళ్ళ ఫిల్టర్ నిండిపోతే అది ఎర్రగా వెలుగుతుంది. మొన్న అలా వెలిగిన రోజున ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చారు. మన తెలుగువాళ్ళ సంచిక కోసం వ్యాసం అడగడానికి వచ్చిన పిల్లలు. వారిలో ఒకడు దీపం చూసి, "అంకుల్, ఫిల్టర్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేయండి, రేపటికల్లా డెలివర్ అయిపోతుంది. ఈలోగా ఈ బటన్ మూడు సెకండ్లు హోల్డ్ చేస్తే లైట్ పోతుంది" అని నొక్కి చూపించాడు కూడా. దీపం ఆరిపోయింది. లోపల ఫిల్టర్ మాత్రం పాతదే.

నేను నవ్వాను. వాళ్ళు కాఫీ తాగి, "మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ గురించి రాయండి అంకుల్, యూత్‌కి ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి" అని చెప్పి వెళ్ళారు. బెస్ట్ ప్రాజెక్ట్ గురించే రాస్తున్నాను. నా బల్ల మీద ఫోటో కట్టించి పెట్టుకున్న ప్రాజెక్ట్ అదొక్కటే. ఆ ఫోటో ఇప్పుడు అటకమీద ఉంది.

నేను నీళ్ళ ఇంజనీరుని. ఇక్కడ అమెరికాలో ముప్ఫై ఏళ్ళు రాష్ట్ర ప్రభుత్వ నీటి శాఖలో పనిచేశాను. పైపులు, ట్యాంకులు, ఇసుక, క్లోరిన్. పదవీ విరమణ చేశాక మూడు నెలలు ఇంట్లో కూర్చుని మా ఆవిడ గిన్నెలు సర్దే పద్ధతికి వంకలు పెట్టాను. నాలుగో నెలలో ఆవిడే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ప్రకటన కత్తిరించి నా ముందు పెట్టింది. కొండ ఊళ్ళకు మంచినీళ్ళు ఇచ్చే సంస్థ, ఆఫీసు ఇంటికి ఇరవై నిమిషాల దూరం. "వెళ్ళండి, అక్కడ వాళ్ళకి వంకలు పెట్టండి" అంది. అలా చేరి తొమ్మిదేళ్ళు పనిచేశాను.

ఆ ఊరు ఇండోనేషియాలో, జావా దీవి మధ్యన, ఒక కొండ వాలులో ఉంటుంది. నలభై ఇళ్ళు ఉంటాయేమో. జీపు ఆగిపోయిన చోటినుంచి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని, డ్రైవరు నడుం గట్టిగా పట్టుకుని వెళ్ళాలి. ఇళ్ళకు వెదురు తడికల గోడలు, పెంకుల కప్పు, మట్టి నేల. దారి పొడుగునా చాపల మీద లవంగాలు ఎండబోసి ఉండేవి, ఊరంతా ఆ వాసనే. కొబ్బరి చెట్లెక్కి పూల గెలల నుంచి నీరా దింపుతారు. ఆడవాళ్ళు దాన్ని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కాచి బెల్లం చేస్తారు. ఆ పొగకి ప్రతి ఇంట్లోనూ ఒక దగ్గు వినిపించేది. పనిచేసే వయసు మగవాళ్ళు చాలామంది ఊళ్ళో లేరు. పట్నాల్లో సిమెంటు బస్తాలు మోస్తుంటారు, పండక్కి వస్తారు. బడి ఎదుటి కొండ మీద ఉంది, అదీ ఆరో తరగతి వరకే. జ్వరమొస్తే ఆస్పత్రికి గంటన్నర ప్రయాణం.

నీళ్ళు ఊరికి పైన, కొండలో ఒక ఊట దగ్గర ఉండేవి. తెల్లవారగానే ఆడవాళ్ళు ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని ఎక్కేవారు. నిండిన క్యాన్ని గుడ్డతో వీపుకి కట్టుకుని, ముందుకు వంగి, బురదలో కాలి వేళ్ళు నొక్కిపట్టి దిగేవారు. మొదటిరోజు అది నిలబడి చూశాను. అరవై దాటిన ఆవిడ కూడా అలాగే దిగుతోంది. ఆ నడక ఆపించడమే నా పని అని ఆ క్షణాన అనుకున్నాను. అందులో తప్పేముందని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

ప్లాను చాలా సులువు. ఊట చుట్టూ గోడ కట్టి మూసెయ్యడం, దాని కింద గులకరాళ్ళూ ఇసుకా నింపిన వడపోత తొట్టి కట్టడం, అక్కణ్ణుంచి పైపు వేసి వీధికి నాలుగు కుళాయిలు పెట్టడం. కరెంటు అక్కర్లేదు, వాలు చాలు. ఊరి పెద్ద ఇంటి వసారాలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాం. "మేము" అంటే నేనూ, అక్కడి మా ఫీల్డ్ ఆఫీసరూ. ఆయన ఆ జిల్లా మనిషే. నాకన్నా ఐదారేళ్ళు చిన్న. మాటకు ముందు ఒకసారి, మాట తరవాత ఒకసారి నవ్వే అలవాటు. నా ఇంగ్లీషు వాళ్ళకీ, వాళ్ళ మాట నాకూ ఆయన నోటి మీదుగానే చేరాలి.

చక్కెర పాకంలాంటి టీ తాగుతూ అందరూ తలలూపారు. ఒక్క పెద్దావిడ, మొదటిరోజు కొండ దిగుతుండగా నేను చూసిన ఆవిడే, గ్లాసు కింద పెట్టి అడిగింది.

"నీళ్ళు కిందికి వచ్చేస్తాయి, బాగానే ఉంది. మరి పైకి ఎవరు వెళ్తారు?"

"ఎవరూ వెళ్ళక్కర్లేదమ్మా. ఈ పనంతా అందుకేగా" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి గ్లాసు మళ్ళీ తీసుకుంది. పెద్దవాళ్ళు చాలా సంతోషించారని ఆరోజు నా డైరీలో రాసుకున్నాను. ఆ ఊళ్ళో నలుగురి ముందు ఎవరూ కాదనరట. అనుమానం ఉంటే ప్రశ్నగా అడుగుతారు. అడిగిన ప్రశ్నను అవతలివాడు పట్టుకుంటే సరే, లేకపోతే రెట్టించరు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తొట్టి చూసుకోవడానికి ఒక మనిషి కావాలంటే ఆ పెద్దావిడ కూతురు ముందుకొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. హాంకాంగ్‌లో ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకుంటూ ఆరేళ్ళు పనిచేసి వచ్చిందట. చేతిలో నాదానికన్నా మంచి ఫోను ఉంది. చెప్పింది చెప్పినట్టు పట్టుకునేది. ఇసుక మీద నాచు తెట్టు కడుతుంది, పదిహేను రోజులకోసారి పైపొర గీకి కడగాలి, అదీ పని. మూడు రోజులు పక్కన కూర్చుని నేర్పాను. చివర్లో ఒక మాట గట్టిగా చెప్పాను: "ఏ తేడా కనిపించినా సొంతంగా ఏమీ చెయ్యొద్దు. ఫోటో తీసి పంపు. మేం చూసి చెబుతాం." ఆమె ఆ మాటను వాళ్ళ భాషలో రెండుసార్లు అని కంఠతా పట్టింది. నాకు ముచ్చటేసింది.

కుళాయి మొదటిసారి తిప్పిన రోజున తీసిన ఫోటోనే నేను కట్టించుకున్నది. పెద్దావిడ దోసిట్లో నీళ్ళు, పక్కన కూతురు, వెనకాల పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ నేను. ఏడాదిన్నర పాటు ఆ ఊరి గురించి ఎవరు అడిగినా, అడక్కపోయినా చెప్పాను. మా ఆవిడైతే ఎవరింటికి భోజనానికి వెళ్ళినా కారు దిగేముందే, "ఈసారి ఆ కుళాయి కథ వద్దు" అనేది.

రెండో వానాకాలంలో కబుర్లు మొదలయ్యాయి. పదిహేను రోజులకోసారి కడిగే తొట్టి వారానికోసారి కడగాల్సి వస్తోందని మొదటి కబురు. తరవాత మూడు రోజులకోసారి. తరవాత రోజూ సాయంత్రం. ఆమె ఫోటో తీసి ఫీల్డ్ ఆఫీసరుకి పంపుతుంది, ఆయన ఇంగ్లీషు చేసి మా గ్రూపులో పెడతాడు, నేను జవాబిస్తే తిప్పి చెబుతాడు. ప్రతిసారీ నేను ఒకటే చెప్పాను. వానలు కదా, మామూలే, కడగమనండి.

ఆ శనివారం సాయంత్రం ఆరు గంటలకు నేను మోరిస్‌విల్‌లో ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో, కారులోనే కూర్చుని ఉన్నాను. మా ఆవిడ కరివేపాకుకీ ఇడ్లీ రవ్వకీ లోపలికి వెళ్ళింది. అక్కడ అప్పుడు ఆదివారం పొద్దున ఆరు. ఫోటో వచ్చింది. ఈసారి తొట్టి ఫోటో కాదు. గీకి తీసిన మట్టిని ఒక తెల్ల పళ్ళెంలో వేసి, పళ్ళేన్ని వెలుతురులో పెట్టి తీసింది. కింద ఫీల్డ్ ఆఫీసరు రాశాడు: "ఇలాంటిది ఎప్పుడూ చూడలేదని అంటోంది. ఏం చెయ్యమంటారు సార్?"

తొట్టిలో మామూలుగా వచ్చేది ఆకుపచ్చ తెట్టు. పళ్ళెంలో ఉన్నది ఎర్రమన్ను. రంగు నాకు తెలియాలనే ఆమె తెల్ల పళ్ళెం వెతికి మరీ పెట్టింది. ఈ సంగతి ఇప్పుడు రాస్తున్నంత సులువుగా నాకప్పుడు తట్టలేదు.

తట్టిన మనిషి ఒకరున్నారు. మా ఆఫీసులో నా కింద పనిచేసే వరంగల్ అమ్మాయి. చదువు ముగించి చేరి రెండేళ్ళయింది. గ్రూపులో ఫోటో చూసి వెంటనే ఫోన్ చేసింది.

"సార్, ఆ ప్లేట్ల మట్టి చూసిండ్రా? రెడ్ ఉంది. మన ఫిల్టర్ల ఎప్పుడు ఇట్ల రాలే."

"వానాకాలం అమ్మా. వానాకాలంలో బురద రాక పన్నీరు వస్తుందా?"

"వాగు నీళ్ళైతే ఓకే సార్. ఇది స్ప్రింగ్ వాటర్ కదా, లోపల్నుంచి వస్తది. ఎవరినన్న పైదాంక పంపి చెక్ చేయిద్దామా? కొండ మీద ఏమన్న క్రాక్ వచ్చిందేమో."

"నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావు. మండే మాట్లాడదాం" అన్నాను.

ఇంతలో మా ఆవిడ సంచులతో వచ్చి అద్దం మీద తట్టింది. "ఏమండీ, ట్రంక్ ఓపెన్ చెయ్యండి." మీట నొక్కి, అదే చేత్తో జవాబు కొట్టాను. రోజుకు రెండుసార్లు కడగమనండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అంతే. ఫీల్డ్ ఆఫీసరు బొటనవేలు బొమ్మ పెట్టాడు. మా ఆవిడ సీటు బెల్టు పెట్టుకుంటూ, "ఏమిటంత సీరియస్‌గా?" అంది.

"ఆఫీసు పని. అయిపోయింది" అన్నాను.

సోమవారం ఆఫీసులో వేరే మీటింగులు పడ్డాయి. ఆ అమ్మాయి రెండుసార్లు నా గది దాకా వచ్చి, నేను ఫోన్‌లో ఉంటే చూసి వెనక్కి వెళ్ళింది. మూడోసారి వస్తే, రేపు చూద్దాం అని చేత్తో సైగ చేశాను. మంగళవారం పొద్దున ఆఫీసులో నేను కాఫీ పోసుకుంటుండగా ఫీల్డ్ ఆఫీసరు ఫోన్ చేశాడు. మాటకు ముందు నవ్వు లేదు. వాళ్ళ మంగళవారం పొద్దున ఏడింటికి ఊట పైన కొండచరియ విరిగి పడిందన్నాడు. తొట్టి లేదు, దాని కింద ఉన్న ఇల్లు లేదు, అందులో ముసలి దంపతులు ఉన్నారు.

"ఆమె?" అన్నాను.

"అప్పుడు పైనే ఉంది సార్. తొట్టి కడుగుతోంది."

అంతకు ముందు వరకు ఆమె సాయంత్రాలే వెళ్ళేది. పొద్దున పూట వెళ్ళడం మొదలుపెట్టి అది మూడో రోజు.

వరంగల్ అమ్మాయి బల్లకు అవతల నిలబడి ఉంది. స్పీకర్ ఆన్‌లోనే ఉంది కాబట్టి అంతా వింది. 'నేను చెప్పలేదా సార్' అని అనలేదు. కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆమె ఆ ఒక్క మాట అని ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

అయిదో రోజుకి నేను ఊళ్ళో ఉన్నాను. కొండ మీద వెడల్పాటి ఎర్రటి గాటు. పళ్ళెంలో చూసిన రంగే. ముగ్గురిలో ఇద్దరి శరీరాలే దొరికాయి. కూతురిది దొరకలేదు. ఎందుకొచ్చానంటే, రిపోర్టు రాయాలి కాబట్టి వచ్చాను. ఊరి పెద్ద ఇంటి వసారాలోనే మళ్ళీ కూర్చుని, ఇంతకు ముందు ఇక్కడ ఇలా జరిగిందా అని ఆయన్ని అడిగాను.

జరిగింది అన్నాడాయన. తన ఎరుకలో రెండుసార్లు చరియ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఎలా తప్పించుకున్నారు?"

"పైకెళ్ళిన ఆడవాళ్ళ క్యాన్లలో నీళ్ళు ఎర్రగా కనిపిస్తే పారబోసి పరిగెత్తుకొచ్చేవారు. ఆ దుంగ కొట్టేవాళ్ళం." చూరుకు వేలాడుతున్న బోలు కొయ్య దుంగను చూపించాడు. "అందరం ఎదుటి కొండ మీద బడికి వెళ్ళి, ఊట తేటపడేదాకా అక్కడే ఉండేవాళ్ళం."

"మరి ఈసారి?"

"ఈసారి కుళాయిల్లో నీళ్ళు తేటగానే వచ్చాయి ఇంజనీరు గారూ. ఆ పొద్దున కూడా చాలా తేటగా వచ్చాయి. మీ తొట్టి మంచి తొట్టి."

ఆయన దెప్పిపొడవలేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. ఊరి మొత్తం మీద ఆ ఎర్ర నీళ్ళు చూసే మనిషిని ఒక్కరిని మిగిల్చాను. ఆమె చూసింది. దుంగ దగ్గరికి పరిగెత్తాల్సిన మనిషి, నేను నేర్పినట్టే, ఫోటో తీసి నాకు పంపింది. పైకి ఎవరు వెళ్తారని తల్లి అడిగిన ప్రశ్న నాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. ఊరికి కింది చివర కాబట్టి ఆ ఇంటికి ఏమీ కాలేదు. చాప వేసింది. ఎదురుగా మోకాళ్ళు ఒక పక్కకు మడిచి కూర్చుంది. ఏడుపు మొహం కాదు, నిద్రలేని మొహం. రెండు రోజులుగా నేను మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఎలాగైనా చెప్పెయ్యాలి, చెప్పకపోతే అక్కడినుంచి కదలలేననిపించింది.

"ఆవిడతో చెప్పండి" అన్నాను ఫీల్డ్ ఆఫీసరుతో. "పొద్దున కూడా వెళ్ళమని చెప్పింది నేనే. ఫోటో చూసి కూడా నాకు తెలియలేదు. తప్పు అమ్మాయిది కాదు, కొండదీ కాదు, నాది. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదని చెప్పండి."

ఆయన చాప అల్లికలోకి చూశాడు. తరవాత మెల్లగా నాలుగైదు మాటలు చెప్పాడు. పెద్దావిడ నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఆవిడ ఏదో అంది.

"ఏమంటున్నారు?"

"దూరం నుంచి వచ్చారు, ముందు భోజనం చెయ్యమంటున్నారు."

లోపలికి వెళ్ళి అన్నం, కొబ్బరిపాలు పోసి వండిన కర్రపెండలం ఆకు కూర, వేయించిన సోయా ముక్కలు తెచ్చిపెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసింది. గుండెల మీంచి బండ దింపినట్టయింది నాకు. అన్నీ విని కూడా అన్నం పెట్టింది కదా, ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. కూర అడుగున మిరపకాయ ఘాటుకి కళ్ళలో నీళ్ళొచ్చాయో, మామూలుగానే వచ్చాయో తెలీదు.

జీపు ఎక్కాక ఫీల్డ్ ఆఫీసరు ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు.

"సార్, మీరు చెప్పింది నేను ఆవిడకి చెప్పలేదు."

నాకు అర్థం కాలేదు.

"మీరు చాలా బాధపడుతున్నారని మాత్రం చెప్పాను. మీరు అతిథి. మీరన్నది అన్నట్టు చెబితే, ఫరవాలేదు అని అనక ఆవిడకి గత్యంతరం లేదు. మా దగ్గర అంతే. మీరు తేలికపడి అమెరికా వెళ్ళిపోతారు. ఫరవాలేదు అన్న మాట మోసుకుంటూ ఆవిడ ఇక్కడ బతకాలి. నా నోటితో ఆ పని చెయ్యలేకపోయాను."

నాకు విపరీతమైన కోపం వచ్చింది. నా మాట నా మాటగా చెప్పడానికేగా మీకు జీతం అని ఏదో అన్నాను. ఆయన విని బండి కదిలించాడు. ఆ కోపంలో న్యాయం లేదని మేము విమానాశ్రయం చేరేలోపే నాకు తెలుసు. అయినా చెయ్యి కలపకుండానే లోపలికి వెళ్ళిపోయాను.

ఇక్కడికి వచ్చి రిపోర్టు రాశాను. కారణం అన్న చోట, అసాధారణ వర్షపాతం అని రాశాను. అబద్ధం కాదు, వాన నిజంగానే ఎక్కువే కురిసింది. వరంగల్ అమ్మాయి డ్రాఫ్ట్ చదివి నా గదికి వచ్చింది.

"సార్, ఆ ఫోటోలు, మన మెసేజ్‌లు అటాచ్ చేయలే."

"అవి మెయింటెనెన్స్ ఫోటోలమ్మా. దీనికి అక్కర్లేదు."

"సరే సార్" అంది. నాలుగు నెలలకు ఉద్యోగం మానేసింది. ఇప్పుడు కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లో ఉంటోంది. ఏడాదికోసారి ఉగాదికి ఫోన్ చేసి, ఆరోగ్యం ఎలా ఉంది సార్ అని అడుగుతుంది. ఆ ఊరి ప్రస్తావన ఆమె తేదు. నేనూ తేలేదు. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు ఆమెకే పంపుతున్నాను.

నేను చేసిన మరమ్మతు కూడా చెప్పాలి. ఆ తరవాత నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి ప్లానులోనూ, వడపోతకు ముందు ఒక చిన్న పైపు విడిగా తీసి, ఊట నీళ్ళు ఉన్నవి ఉన్నట్టుగా ఊరి మధ్యలో బయటికి పడేలా పెట్టించాను. ఇదెందుకు, నీళ్ళు వృథా కదా అని చాలామంది ఇంజనీర్లు అడిగారు. జనం చూడటానికి అన్నాను. అంతకుమించి వివరించే ధైర్యం లేకపోయింది. ఆ ఊళ్ళో మాత్రం నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మరో ఊట నుంచి పైపు వేసుకున్నారట. రోజుకొక ఇంటివాళ్ళు పొద్దున్నే పైకి వెళ్ళి చూసి రావాలని వాళ్ళే వంతులు పెట్టుకున్నారట. మోకాళ్ళ నొప్పులున్నా మొదటి వంతు పెద్దావిడ తీసుకుందట.

ఇది చదివే పిల్లల్లో చాలామంది రోజంతా స్క్రీన్ల ముందు కూర్చుని, ఎక్కడో ఉన్న మెషీన్లు పంపే అలర్ట్‌లు చూస్తుంటారు. విసుగొస్తే మ్యూట్ చేస్తారని కూడా విన్నాను. మీకు పాఠం చెప్పేంత మొహం నాకు లేదు. మీ టీమ్‌లో చిన్నవాళ్ళెవరైనా మీ గది గుమ్మం దాకా మూడుసార్లు వస్తే ఫోన్ పెట్టేసి లోపలికి రమ్మనండి. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మొన్న చలికాలంలో ఫీల్డ్ ఆఫీసరు ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆయనా రిటైరయ్యాడు, లవంగాల తోట చూసుకుంటున్నాడు. మాటకు ముందు నవ్వాడు, గొంతు ముసలిదైపోయింది. పెద్దావిడ పోయిందని చెప్పాడు. నెల అయిందట.

"ఇప్పుడు మీకు చెప్పొచ్చు సార్. అప్పుడు ఆవిడ చెప్పొద్దంది."

పైన సిగ్నల్ ఉండదు కాబట్టి, ఫోటో తియ్యాల్సిన పని లేనప్పుడు కూతురు ఫోను ఇంట్లోనే వదిలి వెళ్ళేదట. చరియ పడిన రోజున ఆ ఫోను గూట్లో ఉంది. పెద్దావిడకి చదువు రాదు. పక్కింటి పిల్ల చేత మొత్తం చదివించుకుంది. పళ్ళెం ఫోటో, దాని కింద జవాబు: అమెరికా ఇంజనీరు గారు రోజుకు రెండుసార్లు కడగమన్నారు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను ఆ ఊరు చేరడానికి నాలుగు రోజుల ముందే ఆవిడకి అంతా తెలుసు.

"మీరు వస్తున్నారని చెప్పడానికి ముందురోజు నేను వెళ్ళాను" అన్నాడాయన. "నాకు ఫోను చూపించింది. ఆయన రానీ, నాకు తెలుసని మాత్రం ఆయనకి తెలియనివ్వకు అంది. ఎందుకమ్మా అన్నాను. తెలిస్తే నా ఇంట్లో అన్నం తినలేడు, అంత దూరం నుంచి వచ్చిన మనిషి ఆకలితో వెళ్ళిపోతాడు అంది."

నేను ఏమన్నానో, ఫోన్ ఎప్పుడు పెట్టేశానో గుర్తులేదు. మా ఆవిడ వచ్చి, ఏమైందండీ అని భుజం మీద చెయ్యి వేసింది. అప్పటికీ నేను ఆ చాప మీదే కూర్చుని ఉన్నాను. ఎదురుగా ఆవిడ, చేతిలో అన్నం గిన్నె, ఇంకొంచెం అన్నట్టు చూపు. ఆరోజు నేను వద్దనలేదు. రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను.